వెండి భరిణెలో మారిసు తాడు గింజలు

విజయవాడకు జనం అమ్మవారి దర్శనానికో, రైలు మారడానికో, టోకున బట్టలు కొనడానికో వెళ్తారు. రెండువేల అయిదు కార్తీకంలో నేను పద్దెనిమిది గింజలు పట్టుకుని వెళ్ళాను. రైల్లో ఎదుటి సీటాయన ఏం పని మీద వెళ్తున్నారని అడిగితే, గింజలు మార్చుకోవడానికి అన్నాను. ఆయన కాసేపు ఆలోచించి, తన సంచీని కొంచెం తనవైపు జరుపుకున్నారు.

శ్రీకాకుళం జిల్లాలో మాది పదకొండు ఊళ్ళ ఎస్టేటు. మాది అంటే, ఒకప్పుడు మాది. అప్పటికి మిగిలింది ఒక దివాణం, అందులో వాన కురవని రెండు గదులు, ముందు ఎకరం దొడ్డి, దొడ్డిలో ఒక చెట్టు. తాతగారు మారిషస్ నుంచి గింజలు తెప్పించి వేసిన చెట్టది. మా వైపు నుంచి ఓడలెక్కిన కూలీలు ఆ దీవిని మారిసు అనేవారు గనుక ఇది మారిసు తాడు అయింది. తాటాకులాంటి విసనకర్ర ఆకులే కాని పచ్చగా ఉండవు. తోమని వెండిలాగా నీలిబూడిద రంగు. కాయ నిమ్మకాయంత. లోపలి గింజ మీద ఎవరో తీరిగ్గా కూర్చుని చెక్కినట్టు గీతలు. ఇలాంటి చెట్టు జిల్లాలో ఇంకెక్కడా లేదని మా ఇంట్లో మూడు తరాలుగా చెప్పుకుంటున్నాం. నిజానికి మొదట రెండు ఉండేవి. రెండోది ఎంత ఎదిగినా ఒక్క కాయ కాయలేదు. పన్నెండేళ్ళ కిందట ప్రహరీ గోడకు అడ్డం వచ్చిందని దాన్ని కొట్టించాను.

ఆ చెట్టు గింజ మా గేటు దాటి ఎరగదని కూడా చెప్పుకునేవాళ్ళం. దాటింది ఒక్కసారే. అప్పన్న అనే తోటమాలి రెండు గింజలు పంచె కొంగున ముడివేసుకుని పోతుంటే గేటు దగ్గర పట్టుకున్నారు. దొంగ ముట్టిన గింజలు మళ్ళీ దివాణంలోకి రాకూడదని తాతగారు వాటిని రోడ్డు మీదికి విసిరేయించి, ఆ సాయంత్రమే పెళ్ళాం బిడ్డతో సహా వాణ్ణి ఊరు దాటించారు. ఈ కథను మా ఇంట్లో అందరూ ఒకేలా చెప్పేవారు. నేనూ అలాగే చెప్పేవాణ్ణి.

ఆ ఏడాదే ఆ ఎకరం అమ్మేశాను. కొన్న రైసుమిల్లు ఆసామి అక్కడ కల్యాణమండపం కట్టిస్తానన్నాడు. ప్లాను ప్రకారం చెట్టున్న చోట వంటశాల వస్తుంది. మాఘంలో పని మొదలు. నాకప్పటికి అరవై రెండేళ్ళు, పెళ్ళి చేసుకోలేదు. మా ఎస్టేటు పేరు చెప్పుకోవడానికి నా తర్వాత ఆ చెట్టు ఉంటుందనుకునేవాణ్ణి. చివరికి అది నాకంటే ముందు పోయేలా కనిపించింది. గింజలు నేనే నాలుగైదు సార్లు పాతాను, మొలవలేదు. మట్టిపని మా చేతులకు అలవాటు లేదని సరిపెట్టుకున్నాను.

అలాంటి రోజుల్లో విజయవాడ నుంచి ఉత్తరం వచ్చింది. పైన ‘మహారాజశ్రీ’ అని ఉంది. నాకు అలా ఉత్తరం వచ్చి ఇరవై ఏళ్ళు దాటింది. ఈమధ్య వచ్చేవన్నీ కరెంటు ఆఫీసు నుంచి, వాళ్ళకు సంబోధనలు రావు. రాసినాయన పేరు ఖాదర్. కళ్ళజోళ్ళ దుకాణం. తాడిజాతి చెట్లు పెంచడం ఆయనకు సరదా. మా మారిసు తాడు సంగతి విన్నాననీ, కొన్ని గింజలు తెస్తే తన దగ్గరున్నవాటిలో నచ్చినవి ఇస్తాననీ రాశారు. ‘మా వాళ్ళలో అమ్మకం లేదండి, మార్పిడే’ అని కింద గీత గీశారు. మా చెట్టు పేరు అంతదూరం ఎలా వెళ్ళిందని నేను ఆశ్చర్యపోలేదు. వెళ్ళవలసిందే అనుకున్నాను. తాతగారి వెండి భరిణె తోమించి, మంచి గింజలు ఏరి, గంధం పొడి చల్లి పెట్టుకున్నాను. ఎవరి మేడమీదైనా సరే, మా ఎస్టేటు పేరుతో ఒక్క మొక్క బతికితే చాలు.

పటమట

మా ఊళ్ళో ఇప్పటికీ నన్ను బాబూ అంటారు. విజయవాడ సిటీబస్సులో కండక్టరు ఎక్కగానే "బాబూ, లోపలికి జరగండి బాబూ" అన్నాడు. నా గురించి ఎవరు చెప్పారా అనుకునేలోపు కోళ్ళగంపతో ఎక్కినవాణ్ణి కూడా బాబూ అన్నాడు. ఇక్కడి మర్యాద కుళాయి నీళ్ళలాంటిది, అందరికీ ఒకేలా వస్తుంది. హోటల్లో సర్వరు "ఏం తీసుకుంటారండి" అంటాడు. ఆటో అతను "ఎక్కండి, ఏవండీ, ముసలాయనగారండీ" అంటాడు.

బెంజ్ సర్కిల్ దగ్గర ఒక హోటల్లో ఇడ్లీ తిన్నాను. మా వైపు ఇడ్లీని చట్నీలో ముంచుతాం. వీళ్ళు ఇడ్లీని ఎర్రటి కారప్పొడిలో పాతిపెట్టి పైన నెయ్యి పోస్తారు. రెండు ఇడ్లీలు ఎనిమిది రూపాయలు, కళ్ళలో వచ్చే నీళ్ళు ఉచితం. పక్క బల్ల మీద ఒక పెద్దావిడ అదే కారం నెయ్యి లేకుండా తింటూ, సప్పగా ఉందని సర్వరును మందలిస్తున్నది.

ఖాదర్ గారికి నలభై అయిదేళ్ళుంటాయి. కింద దుకాణం, పైన ఇల్లు, ఆ పైన డాబా.

"రండి రండి, జమీందారు గారూ. ప్రయాణం బాగా జరిగిందాండీ?"

"ఎస్టేట్లు రద్దయి యాభై ఏళ్ళయింది. అలా పిలవనక్కర్లేదు" అన్నాను, ఎలాగూ మానరన్న ధైర్యంతో.

"అలాగేనండి బాబాయిగారూ" అని ఆయన అక్కడికక్కడే మార్చేశారు. మళ్ళీ మొదటి పిలుపు నాకు వినపడలేదు.

ఆయన భార్య రజియా గారు భోజనం పెట్టారు. కార్తీకం కదా, మాంసం ముట్టనని ఎలా చెప్పాలా అని మొహమాటపడుతుంటే ఆవిడే అన్నారు: "నెల చూసుకునే వండానండీ. గిన్నెలు కూడా కొత్తవే." దోసకాయ పప్పు, గోంగూర, చివర సేమ్యా. మా వైపు పులుసులో బెల్లం ముక్క పడకపోతే వంట మనిషిని మారుస్తారు. ఇక్కడ బెల్లం వేస్తే మార్చేలా ఉన్నారు. రెండో వడ్డన అడగడం మా ఇంట్లో అలవాటు లేదు. రజియా గారు అడిగేదాకా ఆగలేదు గనుక సమస్య రాలేదు.

తర్వాత డాబా ఎక్కాం. నూనె డబ్బాలు, పెయింటు బకెట్లు, పొడుగ్గా కోసిన ప్లాస్టిక్ గొట్టాలు. అన్నిటిలోనూ తాళజాతి మొక్కలే. ఇలాంటి మొక్కకు వేరు నేరుగా దిగుతుందట, అందుకని గొట్టాలు. ఒక్కోదానికి అల్యూమినియం రేకు చీటీ, మేకుతో గీసిన పేరు. దగ్గరికి వెళ్ళి చదివాను. మేరీ టీచర్. గార్డు ప్రసాదు. కొచ్చిన్ నాయర్. ఒక్కటీ చెట్టు పేరు కాదు.

"చెట్టు పేరు సైన్సు వాళ్ళు పదేళ్ళకోసారి మారుస్తారండి" అన్నారు ఖాదర్ గారు. "ఇచ్చినోళ్ళ పేరు మారదు కదా. గింజ ఎవరి చేతి నుంచి వచ్చిందో ఆ పేరే రాస్తాం. ఇంకొకరికిచ్చినా అదే పేరు పోతుంది. అది మా రూలు."

ఈ రూలు నాకు నచ్చింది. మా ఎస్టేటు పేరు రేకు మీద ఎలా ఉంటుందో ఊహించుకుంటూ నడుస్తుంటే, ఒక మూల నాలుగు గొట్టాల్లో ముచ్చటైన మొక్కలు కనిపించాయి. రక్తం పారుతున్నట్టు ఎర్రటి ఈనెలు, ఎర్రటి కాడలు. చీటీ మీద ‘అప్పన్న’ అని ఉంది. మా వైపు పేరు, ఇక్కడా ఉన్నట్టుందే అనుకున్నాను.

"ఇదేమిటి? చాలా బాగుంది."

ఖాదర్ గారు నా ముఖంలోకి ఒకసారి చూశారు. "తమరికి తెలీదాండీ? సరే, ఎల్లుండి చెబుతాను."

బేసిన్

ఆదివారం పొద్దున డాబా మీద మార్పిడి జరిగింది. వచ్చినవాళ్ళు ఆరుగురు. వాళ్ళలో గట్టిగా మాట్లాడేది ఇద్దరే: గుణదలలో బడిపంతులమ్మగా చేసి రిటైరయిన మేరీ టీచర్, రైల్వే గార్డు ప్రసాదు గారు. ఎవరి చేతిలోనూ వెండి లేదు. పాలిథీన్ సంచుల్లో తడి కొబ్బరిపొట్టు, అందులో గింజలు. వాళ్ళ సంచుల మధ్య నా భరిణె పెళ్ళివారిలా కూర్చుంది.

చాప మధ్యలో ఒక స్టీలు బేసిన్, నిండా నీళ్ళు. గింజలు తెచ్చినవాళ్ళు ముందు అందరి ఎదటా నీళ్ళలో వేయాలి. మునిగింది మంచిది. తేలింది చచ్చింది. తేలినవాటిని ఎవరూ వేలెత్తి చూపకూడదు. తెచ్చినవాళ్ళే తమ చేత్తో ఏరి జేబులో వేసుకోవాలి, ఆ కాసేపూ మిగతావాళ్ళు ఇంకెటో చూడాలి. ప్రసాదు గారివి రెండు తేలాయి. అందరూ ఒక్కసారిగా ఆకాశంలో కాకిని చూశారు. ఇంత మర్యాదగల పరీక్ష నేను ఏ కచేరీలోనూ చూడలేదు.

నా వంతు వచ్చింది. మా చెట్టు పుట్టుపూర్వోత్తరాలు నాలుగు ముక్కల్లో చెప్పి, భరిణె ఒంపాను.

పద్దెనిమిదీ తేలాయి. గంధం పొడి కూడా తేలింది.

అందరూ కాకి కోసం వెతికారు. అది అప్పటికే వెళ్ళిపోయింది. నేను ఒక్కొక్కటే ఏరడం మొదలుపెట్టాను. రెండు మూడు జారిపోయి మళ్ళీ తేలాయి. పదో గింజ దగ్గర మేరీ టీచర్ ఆగలేకపోయారు.

"ఒకటి ఇటివ్వండి బాబుగారూ, కోసి చూస్తాను. నీళ్ళను కూడా ఒక్కోసారి నమ్మలేం." వక్కలు కత్తిరించే అడకత్తెర సంచీలోంచి తీసి గింజను రెండు చేశారు. కొబ్బరిలాగా తెల్లగా ఉండవలసిన చోట చిటికెడు గోధుమరంగు పొడి. ఊదితే పోయింది.

"మీ దగ్గర పోతుచెట్టు లేదాండీ?"

"పోతేమిటి?"

"దీంట్లో ఆడా మగా వేరు కదండీ. తాటిచెట్టుకు మల్లే."

"ఇది తాటిచెట్టు కాదండి" అన్నాను.

"కాకపోయినా పెళ్ళి తప్పదండి దానికి" అన్నారు ప్రసాదు గారు. అందరూ నవ్వారు. ఆయనకు నా సంగతి తెలియదు.

అప్పుడు మా ఊరి గీతకార్మికుడు గురయ్య గుర్తొచ్చాడు. పన్నెండేళ్ళ కిందట గోడ కట్టే రోజున వాడు గేటు బయట నిలబడి, "బాబూ, అది పోతు. అదుంతేనే ఇది కడుపు పండుతాది. కొట్టించకండి బాబూ" అన్నాడు. కల్లు గీసేవాడికి మారిషస్ చెట్టు సంగతి ఏం తెలుసని నాకు నవ్వొచ్చింది. "ఇది తాటిచెట్టు కాదురా" అని అప్పుడూ ఇదే మాట అన్నాను. ఆ తర్వాత కూడా చెట్టు కాయలు కాస్తూనే ఉంది. కింద ఒక్క మొక్క మొలవకపోతే దొడ్డి శుభ్రంగా ఉందని సంతోషించాను. జిల్లాలో ఇంకెక్కడా లేదని మేం గొప్పగా చెప్పుకున్న మాటకు, దానికి జోడు లేదని అర్థమని పన్నెండేళ్ళలో ఒక్కసారీ తోచలేదు.

తేలిన గింజలకు మార్పిడి లేదు. అందరూ తమ తమ సంచులు పంచుకుంటుంటే భరిణె మూత పెట్టి కూర్చున్నాను. రైలు వేళలు ఏమిటని ఖాదర్ గారిని అడిగాను.

"రైలుకేం తొందరండీ. రేపు కూచిపూడి అవతలికి వెళ్దాం. అక్కడొక పోతు ఉంది. పక్కనే ఆడదీ ఉంది."

"ఇది జిల్లాలో ఇంకెక్కడా..."

"మీ జిల్లాలో లేదండి. మా జిల్లాలో ఉంది."

ఉయ్యూరు దారి

ఖాదర్ గారి స్కూటరు మీద వెళ్ళాం. మా ఇంట్లో మగవాళ్ళు ఇంకొకరి వెనక కూర్చుని ప్రయాణం చేసి ఎరగరు. తాతగారికి గుర్రబ్బండి, నాన్నగారికి ఒక పాత కారు, అది ఆగిపోయాక నాకు నడక. వెన్ను నిటారుగా పెట్టి, ఇస్త్రీ కండువా భుజాన వేసుకుని కూర్చున్నాను. కంకిపాడు దాటాక ఆ కండువా కొస వెనక చక్రంలోకి వెళ్ళింది. మెడ దగ్గర ఎవరో కాలరు పట్టుకుని లాగినట్టయింది. ఖాదర్ గారు బ్రేకు వేసేసరికి కండువాలో సగం చక్రానికీ, సగం నాకూ మిగిలింది.

"మెడకేం కాలేదు కదండీ బాబాయిగారూ?"

"కండువాకే అయింది."

"అదృష్టవంతులండి. చీర కొంగులతో ఇంకా ఘోరాలు చూశాం" అని ఆయన గ్రీజు పట్టిన ముక్కలు లాగి కాలవలో పారేశారు. మిగిలిన ముక్కను మడిచి జేబులో పెట్టుకున్నాను.

దారంతా కోతకొచ్చిన వరి. మా వైపు పొలానికీ పొలానికీ మధ్య గట్టుంటుంది, గట్టు మీద ఎవరైనా నిలబడి వాన గురించి మాట్లాడుతుంటారు. ఇక్కడ గట్లు కనిపించవు, వాన గురించి ఎవరూ మాట్లాడరు. కాలవ గురించి మాట్లాడతారు. ఉయ్యూరులో చెరుకు మడ్డి వాసన ఊరు దాటినా మనతోనే వస్తుంది. పామర్రులో టీ తాగాం. అయిదు రూపాయలకు పది పునుగులు కాగితంలో పోసి, అడగకుండానే ఇంకో రెండు వేశాడు.

బండి పక్కనే ఒకావిడ తేగలు అమ్ముతున్నది. తాటి టెంకలు గోతిలో పాతిపెడితే దిగే మొలకలవి. మా వైపు గేగులంటాం. ఉడికించి, కట్ట అయిదు రూపాయలు.

"ఏమ్మా, టెంకలన్నీ మొలుస్తాయా?" అని అడిగాను.

"పోతుతాడు పక్కనుంటే ఎందుకు మొలవ్వండీ? తెలీనట్టు అడుగుతారేంటి" అని ఆవిడ నవ్వింది. ఒక కట్ట కొన్నాను. ఇంకేమీ అడగలేదు.

కూచిపూడిలో పొద్దుటి సాధన జరుగుతున్నట్టుంది, ఒక అరుగు మీంచి తట్టుకర్ర చప్పుడు వస్తున్నది. ఎక్కడెక్కడి నుంచో వచ్చిన పిల్లలు గజ్జెలు చేత్తో పట్టుకుని రోడ్డు దాటుతున్నారు. ఆ ఊళ్ళో టీకొట్టువాడు కూడా గ్లాసులు తాళం తప్పకుండా కడుగుతాడు.

మగ్గాల ఇల్లు

అక్కణ్ణుంచి మూడు మైళ్ళలో ఒక చిన్న ఊరు. పెంకుటిల్లు, లోపల రెండు గుంటమగ్గాల చప్పుడు. ఇంటి వెనక, పెంకుల మీదుగా, రెండు నీలిబూడిద తలలు కనిపించాయి. ఒకటి ఖాళీగా. ఒకటి గెలలతో.

అరవై ఏళ్ళు రోజూ చూసిన చెట్టును ఇంకొకరి ఇంట్లో చూడడం ఎలా ఉంటుందంటే, మీ తాతగారి ఫోటో ముక్కూ మొహం తెలియని వాళ్ళ గోడ మీద, పూలదండతో కనిపించినట్టు ఉంటుంది. నేను స్కూటరు దిగి అక్కడే నిలబడ్డాను.

అరుగు మీద కండెలు చుడుతున్న డెబ్బై ఏళ్ళావిడ రాట్నం ఆపి, చెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది.

"ఓలమ్మో, దివాణం బాబే! అలగ నిలబడిపోనారేటి బాబూ, ఇలగొచ్చి కూకోండి."

మూడు రోజుల తర్వాత మా వైపు మాట వినడం నాకు హాయిగా ఉంది. ఎవరో మాత్రం తెలియలేదు.

"గురుతు పట్టనేదు కదా. గౌరమ్మని బాబూ. అప్పన్న పెళ్ళాన్ని."

ఆ హాయి అంతటితో సరి.

మగ్గం ఆగింది. యాభైకి దగ్గర పడిన మనిషి చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చాడు. పేరు సూర్యనారాయణ, అప్పన్న కొడుకు. మా ఊరు దాటేటప్పుడు తల్లి చంకన ఉన్నవాడు. ఇక్కడే పెరిగాడు గనుక మాట ఇక్కడిదే. నమస్కారం పెట్టి, నా కుర్చీ నీడలోకి జరిపి, మజ్జిగ తెప్పించాడు. ఆ మర్యాదల్లో ఒక్కటి కూడా తగ్గించలేదు. అందువల్లే నాకు భయం వేసింది.

అప్పన్న వాళ్ళది నేత కుటుంబమని అప్పుడు గుర్తొచ్చింది. మగ్గం తిండి పెట్టక మా తోటపనికి వచ్చినవాడు, ఊరు దాటాక ఇక్కడి బంధువుల దగ్గర మళ్ళీ మగ్గం ఎక్కాడట. రోడ్డు మీద పడేసిన గింజల్ని గౌరమ్మ ఏరి మూటలో వేసుకున్నదట. ఒకటి ఆడది, ఒకటి పోతు అయ్యాయి.

"కడుపు మండి తెచ్చినాను బాబూ" అన్నది గౌరమ్మ. "ఉజ్జోగం పోయింది, ఊరు పోయింది. గింజలైనా ఒగ్గీడం దేనికి?"

ఖాదర్ గారు గొంతు సవరించుకున్నారు. "మా డాబా మీద మీరు మెచ్చుకున్న ఎర్ర మొక్కలు వీటి పిల్లలేనండి. చిన్నప్పుడు ఎర్రగా ఉండి, పెద్దయ్యాక బూడిదరంగుకు తిరుగుతాయి. ఈ రెండూ ఒక్క తల్లి బిడ్డలు కదా, అసలు తల్లి గింజలు కూడా దొరికితే కొత్త రక్తం కలుస్తుందని నాకాశ. మీ అడ్రసు సూర్యనారాయణే ఇచ్చాడు."

అంటే విజయవాడ దాకా వచ్చింది మా ఎస్టేటు పేరు కాదు. తోటమాలి పేరు వచ్చింది. దాన్ని పట్టుకుని నా అడ్రసు వచ్చింది.

"ఉత్తరం రాయమని పట్టుబట్టింది కూడా నేనేనండి" అన్నాడు సూర్యనారాయణ. "మహారాజశ్రీ అని రాయకపోతే రారని అమ్మ చెప్పింది."

"ఎందుకు రప్పించావు?"

"ఒక మాట అడగాలండి. గింజలు పట్టుకెళ్ళే ప్రతివాళ్ళూ మా నాన్న పేరు రాసుకుంటారు. చెట్టు ఎలా వచ్చిందని అడుగుతారు. నేనేదో చెప్పి దాటేస్తుంటాను. బాబే ఇచ్చారని అమ్మ అంటది. అమ్మ అనకపోతే ఎవరంటారు? నాన్నేమో ఎప్పుడూ నోరు విప్పలేదు. పోయేముందు కూడా అడిగాను. ‘మొలిచాయి కదరా’ అన్నాడు, అంతే. మీకు తప్ప ఇంకెవరికీ తెలీదండి. మా నాన్న దొంగా, కాదా?"

లోపల రెండో మగ్గం కూడా ఆగింది.

ఆ రోజు నాకు పద్దెనిమిదేళ్ళు. కాలేజీ సెలవులకు వచ్చాను. చెట్టు కింద ఊడుస్తున్న అప్పన్న ఒక గింజ మీది గీతల్ని వేలితో తడుముతూ, ఇలాంటి అంచు మగ్గం మీద ఎత్తితే ఎంత బాగుంటుంది బాబూ అన్నాడు. అప్పటికి నేను ఎవరికీ ఏమీ ఇచ్చి ఎరగను. పదకొండు ఊళ్ళూ పోయి పదేళ్ళయినా, ఇచ్చే వంశంలో పుట్టానన్న సంగతి మాత్రం అందరూ చెబుతుండేవారు. "తీసుకో, రెండు తీసుకో" అన్నాను. నా జీవితంలో మొదటి దానం అది. సాయంత్రం గేటు దగ్గర తాతగారు, ఎవరిచ్చార్రా నీకివి అని అడిగారు. అప్పన్న నావైపు చూశాడు. నేను చెట్టువైపు చూశాను.

అబద్ధానికి అక్కడ అన్నీ అనుకూలంగానే ఉన్నాయి. నలభై నాలుగేళ్ళ కిందటి సంగతి, నాకు గుర్తు లేదంటే వయసును అందరూ నమ్ముతారు. మజ్జిగ గ్లాసు కింద పెట్టాను.

"మీ నాన్నగారు దొంగ కాదు. గింజలు నేనిచ్చాను. తాతగారు అడిగినప్పుడు నోరు మెదపలేదు."

మా ఇంట్లో తోటమాలిని గారు అన్నవాళ్ళు లేరు. అది ఇక్కడి గాలి చలవ కావచ్చు.

సూర్యనారాయణ తువ్వాలుతో ముఖం తుడుచుకుని, ఉన్నట్టుండి లోపలికి వెళ్ళిపోయాడు. గౌరమ్మ రాట్నం మళ్ళీ తిప్పింది.

"నలబై నాలుగేళ్ళకి నోరొచ్చింది బాబుకి" అన్నది. "నువ్వైనా సెప్పీకపోయావా అని ఆరోజే అడిగినాను మావోణ్ణి. బాబు సెప్తారని సూసినాను, ఆరు సెప్పనేదు, ఇంక నాను సెప్తే నమ్ముతారేటి అన్నాడు. సరే, తాగండి, మజ్జిగ ఏడెక్కిపోతాది."

మార్పిడి

సూర్యనారాయణ తిరిగి వచ్చేసరికి చేతిలో పాలిథీన్ సంచీ ఉంది. తడి కొబ్బరిపొట్టులో పన్నెండు గింజలు.

"నీళ్ళలో వేసి చూసినవేనండి. అన్నీ మునిగినాయి."

ఉత్త చేత్తో తీసుకోకూడదని వీళ్ళ రూలు. నా దగ్గర వెండి భరిణె తప్ప ఏమీ లేదు. తీసి గౌరమ్మ ముందు పెట్టాను. ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇదేటి సేసుకోను బాబూ? సున్నం ఏసుకోనా? అట్టుకుపోండి."

"ఖాళీ గింజలు తప్ప నేనేమీ తేలేదమ్మా."

"మార్పిడి ఇందాకే అయిపోయిందండి" అన్నారు ఖాదర్ గారు. ఇలాంటి విషయాల్లో అక్కడ ఆయన మాటే చెల్లుతుంది.

బయల్దేరేముందు సూర్యనారాయణ నా భుజం ఖాళీగా ఉండడం చూసి ఒక తువ్వాలు తెచ్చాడు. తెల్ల నూలు, అంచులో మెలికలు తిరిగిన సన్నటి గీతలు. ఎక్కడో చూసినట్టుందే అనుకుని, సంచీలోంచి గింజ ఒకటి తీసి పక్కన పెట్టి చూశాను.

"గింజంచు అంటారండి దీన్ని. నాన్న కట్టిన డిజైను. బెజవాడ షాపుల వాళ్ళు పేరు పెట్టి అడుగుతారు."

ధర ఎంతని అడిగాను, మొహమాటపడి వద్దంటాడేమో అనుకుంటూ.

"ముప్ఫై అయిదండి" అన్నాడు. తీసుకున్నాడు కూడా. "గింజలకే డబ్బు లేదండి. తువ్వాలుకుంది."

తిరుగు ప్రయాణంలో దాన్ని నడుముకు కట్టుకుని కూర్చున్నాను. చక్రానికి అందలేదు.

ఇంటికొచ్చాక

మాఘంలో చెట్టు కొట్టేశారు. రెండు రోజులు పట్టింది. మొదలు కోస్తుంటే చూడడానికి చాలామంది వచ్చారు. గురయ్య ఒక్కడే తలపాగా తీశాడు. ఇప్పుడక్కడ వంటశాల ఉంది. పెళ్ళిరోజుల్లో నా రెండు గదుల దాకా పులిహోర పోపు వాసన వస్తుంది, బాగానే ఉంటుంది.

పన్నెండు గింజలూ పొడుగు గొట్టాల్లో పెట్టి దివాణం వసారాలో ఉంచాను. మట్టిపని చేతులకు త్వరగానే అలవాటైంది. నాలుగో నెలలో మొదటి మొలక, వర్షాలు వచ్చేసరికి ఏడు. ఎర్రటి ఈనెలు, ఎర్రటి కాడలు. గురయ్యను లోపలికి పిలిచి చూపించి, ఇందులో ఏది పోతో చెప్పమన్నాను.

"పూసినప్పుడు తెలుస్తాది బాబూ. పది పన్నెండేళ్ళు అవుతాది" అన్నాడు. కొంచెం ఆగి, "అందాకా ఏదీ కొట్టించకండి" అన్నాడు.

రేకు చీటీలు ఖాదర్ గారు పోస్టులో పంపారు. మేకు తీసుకుని కూర్చున్నాను. మా ఎస్టేటు పేరు పొడుగు, రేకు చిన్నది. మూడు అక్షరాల పేరు రాస్తే, జాగా సరిగ్గా సరిపోయింది అనడానికి కూడా లేదు, ఇంకా మిగిలింది. ఏడు చీటీల మీదా అదే రాశాను.

మొన్న రైసుమిల్లు ఆసామి మండపం అద్దెల పని మీద వచ్చి వసారాలో ఆగాడు. "దివాణం చెట్టు పిల్లలేనాండీ ఇవి? పోన్లెండి, మీ వంశం పేరు నిలబడింది" అన్నాడు. వంగి చీటీ చదివి, "అప్పన్న ఎవరండీ?" అన్నాడు.

కూర్చోమని చెప్పి కథ మొదలుపెట్టాను. మా ఇంట్లో అందరూ ఒకేలా చెప్పే కథ అని పైన రాశాను కదా. గేటు దగ్గరికి వచ్చేసరికి మాత్రం మార్చి చెప్పాను.